కర్త లేని ప్రాయశ్చిత్తం

ఏడాది కిందట పోయిన తమ్ముడు రమణ తాటిచెట్టు మీంచి పడి చనిపోలేదని వనజకు తెలిసి ఇంకా వారం తిరగలేదు. పినపాక అవతల, తమ గూడేన్ని ఆనుకుని ఉన్న వెంకటరామారావు మక్కచేను చుట్టూ అడవిపందుల కోసం కట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయాడు. శవాన్ని చెట్టు కిందికి మోసుకొచ్చి, పక్కన కల్లుకుండ పగలగొట్టి పెట్టారు. ఈ సంగతి చెప్పింది ఆ ఇంట్లో ట్రాక్టరు నడిపిన లాలు. పని మానేసి వైరా వెళ్లిపోతూ ఖమ్మంలో ఆమె కాలేజీ గేటు దగ్గర ఆగి, ఆమె ముఖం చూడకుండా చెప్పాడు. తీగను చుట్టచుట్టి షెడ్డులో పడేసింది తనేనన్నాడు. తను వెళ్లేసరికే శవం చెట్టుకింద ఉందనీ, అంతకుముందు ఏం జరిగిందో తనకు తెలియదనీ అన్నాడు.

ఆ వారంలోనే ఫోను మోగింది. వెంకటరామారావు.

"అమ్మా వనజా, బాగున్నావా? శుక్రవారం ఇంటి దగ్గర చిన్న హోమం పెట్టుకున్నాం. మీ తమ్ముడి పేరు మీద గూడేనికి హాలు కట్టించాను కదా, దానికి శిలాఫలకం పెడుతున్నాం. వాక్యం నేనే రాశాను. నువ్వు తెలుగు లెక్చరర్‌వి కదమ్మా, చెక్కించే ముందు ఒకసారి చూసిపెట్టు. తప్పులుంటే నలుగురూ నవ్వుతారు."

"వస్తా సార్" అంది వనజ.

మణుగూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా పళ్లు బిగించుకునే ఉంది. తను చదివిన ఆశ్రమ పాఠశాలకు పంద్రాగస్టు నాడు ముఖ్య అతిథిగా వచ్చేవాడు వెంకటరామారావు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతే అయినా పద్యం నోటికొచ్చిన మనిషి. వ్యాసరచనలో మొదటి బహుమతి ఆయన చేతుల మీదుగానే అందుకుంది. ఒక మాట తీసుకుని, దాన్ని విడదీసి, లోపల ఏముందో చూపించేవాడు. కోయ ఇంట్లో పుట్టిన పిల్లకు తెలుగు మీద అంత మోజు కలగడానికి సగం కారణం ఆ మనిషే. ఇంకెవరైనా అయితే ఇంత మంట పుట్టేది కాదేమో.

గూడెంలో దిగేసరికి ఎండ ముదిరింది. కల్లంలో ఆరబోసిన తునికాకు వాసన దారంతా పరుచుకుని ఉంది. ఇంటి ముందు పందిరి కింద మేనమామ సీతయ్య కూర్చుని ఉన్నాడు. గూడెం పెద్ద ఆయనే. ఉతికిన పంచె కట్టుకుని మెడలో కొత్త తువ్వాలు వేసుకున్నాడు. తల్లి భీమక్క గడప మీద నిలబడి కొంగు సర్దుకుంటోంది. ఒంటి మీద పసుపురంగు కొత్త చీర.

"ఈ చీర ఏడిదమ్మా?"

"పెద్దింటోళ్లు పంపిండ్రు."

"ఇప్పు."

సీతయ్య నచ్చచెప్పే గొంతుతో అందుకున్నాడు. "వచ్చీరాంగనే గదేంది బిడ్డా? ఆయన హాలు కట్టిచ్చిండు. ఇయ్యాల ఆవునూ దూడనూ మీ అమ్మకు దానమిస్తడంట. తాడు పట్టుకుని, ‘నా మనసుల ఎవల మీద ఏం లేదు’ అని నలుగురిల ఒక్కమాట అనాలె. గంతే."

"ఎందుకనాలె మామా?"

"ఎందుకేంది? గూడేనికి నీళ్లు ఆయన బోరుకెల్లే వస్తున్నయ్. పోయిన ఎండకాలమే పైపు ఏసిండు. అంతకుముందు వాగుల చెలిమె తోడుకుని తాగినం, మర్షిపోయినవా? ఆయనకు కోపమొచ్చి మోటరు బంద్ జేస్తే, ఈ ఎండల ముసలోళ్లు, పసిపోరగాండ్లు ఏం గావాలె? నువ్వు ఖమ్మంల ఉంటవ్. ఈడ ఉండేది మేం."

వనజ తల్లి దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుంది. బస్సులో ఎన్నో రకాలుగా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"అమ్మా, తమ్ముడు చెట్టు మీంచి పడలే."

సీతయ్య లేచి నిలబడ్డాడు. "నేను ముంగట నడుస్తా. జల్దీ రండ్రి, పూజకు అయ్యగారు కూసున్నడంట" అంటూ తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

భీమక్క కూతురి ముఖంలోకి చూసింది. ఆ కళ్లలో ఆశ్చర్యం లేదు.

"ఎరుకే" అంది.

"ఏంది?"

"నాకెరుకే అంటున్న. పిల్లగానికి ఆఖరి తానం పోసింది నేను గాదా? కుడికాలు పిక్క మీద తీగె అచ్చు పడ్డది. నల్లగ, లోపల్దాంక. తాటిచెట్టు కాలుస్తదా బిడ్డా?"

వనజ తల్లి చేతులు వదిలేసింది. ఏడాదిగా తను ఒక అబద్ధం మీద ఏడ్చింది. చెట్టెక్కొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదని చచ్చినవాణ్ని తిట్టుకుంది. ఆ ఏడుపంతా వింటూ తల్లి పక్కనే కూర్చుంది.

"ఎరుకై గూడ నాకు చెప్పలే? ఏడాది సంది నన్ను పిచ్చిదాన్ని జేసినవా?"

"మీ మామకు చెప్పిన. ‘నోర్మూసుకో చెల్లె, పిల్ల నౌకరి కొత్తది, దాని బతుకు ఆగం జేస్తవా’ అన్నడు. నీకు చెప్తే నువ్వు ఊకుంటవా? పోయి ఆళ్ల మీద పడ్తవ్. ఒక్కన్ని చెట్టుకింద పండబెట్టినోళ్లకు ఇంకొకలు ఎక్కువా? కొడుకు పోయిండు. బిడ్డనన్న బతికిచ్చుకుందామనుకున్న. తప్పా?"

గొంతు పెద్దది చేయలేదు భీమక్క.

"మరి ఇయ్యాల ఎందుకు పోతున్నవ్? ఆవు కోసమా?"

చెంప మీద కొట్టినట్టు తల తిప్పుకుంది తల్లి. వెంటనే మళ్లీ కూతురి వైపు తిరిగింది. "ఒక మాట అడగాలె. అడగనీకి ఆళ్ల వాకిట్ల కాలు పెట్టనిచ్చే రోజు ఇదొక్కటే."

"ఏం మాట?"

భీమక్క లోపలికి వెళ్లింది. చీర విప్పి గడప మీద పడేసి, రోజూ కట్టుకునే పాత చీర చుట్టుకుని బయటికి నడిచింది.

వెంకటరామారావు ఇంటి వాకిట్లో షామియానా వేశారు. నడుమ హోమగుండంలో నిప్పు రాజుకుంటోంది. భద్రాచలం నుంచి వచ్చిన పురోహితుడు దర్భలు సర్దుకుంటున్నాడు. వెంకటరామారావు, భార్య నిర్మలాదేవి కొంగుముడి వేసుకుని పీటల మీద కూర్చున్నారు. కొడుకు అనిల్‌కుమార్ ఫోనులో ఎవరికో భోజనాల గురించి చెబుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. గూడెం జనం షామియానా అంచున, సగం నీడలో సగం ఎండలో కూర్చున్నారు. గేటు దగ్గర సీతయ్య ఆవు తాడు పట్టుకుని నిలబడ్డాడు.

అరుగుకు ఆనించి నల్లరాయి పలక ఉంది. ఇంకా చెక్కలేదు. సుద్దముక్కతో వెంకటరామారావు గుండ్రటి అక్షరాలతో రాసి ఉంచాడు.

"రా అమ్మా" అన్నాడాయన, పీట మీంచే. బాగా చిక్కిపోయాడు. గడ్డం నెరిసింది. "నీ కోసమే ఆపాను. చూడు, దోషాలేమన్నా ఉన్నాయేమో."

వనజ పలక ముందు నిలబడి బయటికే చదివింది.

"‘తెలిసీ తెలియక జరిగిన దోషాలకు ప్రాయశ్చిత్తంగా, అకాల మరణం పొందిన కీర్తిశేషులు రమణ స్మృత్యర్థం, ఈ భవనం గూడెం ప్రజలకు సమర్పించబడినది.’"

"బాగుందా?"

"అక్షర దోషం లేదు సార్. కర్త లేడు."

"ఏంటమ్మా?"

"వాక్యంల కర్త లేడంటున్న. దోషాలు జరిగినయ్. ఎవలు జేసిండ్రు? మా తమ్ముడు మరణం పొందిండు. పొందనీకి అదేమన్న బహుమతా? భవనం సమర్పించబడింది. ఎవలు సమర్పించిండ్రు? ఇంత పెద్ద రాయి మీద ఒక్క మనిషి ఒక్క పని జెయ్యలేదు. అన్నీ వాటంతటవే అయినయ్."

అనిల్‌కుమార్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఏంటండీ మేడమ్, పిలిచింది తప్పులు చూడమని. పాఠం చెప్పమని కాదు."

"నువ్వుండరా" అని వెంకటరామారావు కొడుకును ఆపాడు. ఆయన ముఖంలో కోపం లేదు. ఎప్పటి అలవాటో, మాట గురించి మాట్లాడే అవకాశం వచ్చినందుకు కళ్లు కాస్త వెలిగాయి కూడా. "అమ్మా, ప్రాయశ్చిత్తం చిన్న మాట కాదు. ప్రాయం అంటే తపస్సు. చిత్తం అంటే నిశ్చయం. తపస్సు చేసి తీరాలనే నిశ్చయం. ఆ ఒక్క మాటలోనే అన్నీ ఉన్నాయి. చదివేవాళ్లకి తెలుస్తుంది."

"ఇంకో అర్థం గూడ చెప్తరు సార్. ప్రాయం అంటే పాపమని, చిత్తం అంటే దాన్ని కడుక్కోవడమని. మీరు తపస్సును ఎంచుకున్నరు. ఎందుకంటే తపస్సుకు పాపం పేరు చెప్పే పని లేదు." ఆమె గొంతు పెరుగుతోంది. గూడెం జనం తలలెత్తి చూస్తున్నారు. "ఇంకా నిశ్చయం అన్నరు. ఆ నిశ్చయం ఎవలిది? తప్పు జేసినోడిదే. ఎన్ని నెయ్యి చుక్కలు పొయ్యాలె, ఏ నదిల మునగాలె, ఎన్ని గదుల హాలు కట్టాలె, అన్నీ ఆయనే అనుకుంటడు. ఎప్పుడు తీరిపోయిందో గూడ ఆయనే చెప్తడు. మా తాతలకు తెలిసిన చిత్తం ఒక్కటే సార్. ‘చిత్తం దొరా’ అనుడు. ఇయ్యాల మా అమ్మను ఆవు తాడు పట్టుకుని అనమంటున్నది గూడ గదే."

పురోహితుడు దర్భలు కింద పెట్టేశాడు.

"మాట జారుతున్నావమ్మా" అన్నాడు వెంకటరామారావు మెల్లగా. "ఆ మాట వెనక ఏముందో నీకు తెలియదు. ఏడాదిగా నాకు నిద్ర లేదు. ఒంటిపూట తింటున్నాను. కాశీ వెళ్లొచ్చాను, రామేశ్వరం వెళ్లొచ్చాను. నా బాధ నాది."

"అవ్, మీ బాధ మీదే! నేను పిల్లలకు కావ్యాలు చెప్తా సార్. రాజు ఎవలినో చంపుతడు. ప్రాయశ్చిత్తం అంటడు, యాగం జేస్తడు, తీర్థాలు తిరుగుతడు. పద్యాలన్నీ రాజు బాధ మీదనే. చచ్చినోని తల్లికి ఒక్క కందపద్యం గూడ రాదు. నవలలైతే ఆఖరి అధ్యాయంల దుర్మార్గుడు కండ్లనీళ్లు పెట్టుకుంటడు, చదివినోళ్లకు కడుపు చల్లబడ్తది, పుస్తకం మూసేస్తరు. నేను గూడ ఇన్నేండ్లు అట్లనే చెప్పిన. ఎంత గొప్ప మాట అని చెప్పిన." ఆమె గేటు వైపు చెయ్యి చాపింది. "కాశీ పోయిండ్రు. రామేశ్వరం పోయిండ్రు. మీ గేటు కాడ నిలబడితే మా అమ్మ గుడిసె కనబడ్తది. గాడికి మాత్రం రాలే."

నిర్మలాదేవి తల వంచుకుని కొంగుముడి వైపు చూస్తోంది.

"మా గూడెంల ప్రాయశ్చిత్తం అనే మాట లేదు" అంది వనజ. "తప్పు అంటం. జేసింది తప్పే, జరిమానగ కట్టేది గూడ తప్పే. ‘తప్పు జేసిండు’ అంటం, ‘తప్పు కట్టిండు’ అంటం. రెండిటికీ ఒక్కటే మాట. ఎందుకంటే జేసింది చెప్పకుండ కట్టేది లేదు. నలుగురి నడుమ నిలబడి, ఎవల ఇల్లు కూలిందో ఆ ఇంటోళ్ల ముఖం చూసి, ‘నేను ఇది జేసిన’ అనాలె. గా తర్వాతనే పెద్దలు నోరు తెరుస్తరు. మీరు రాయి తెచ్చిండ్రు, ఆవును తెచ్చిండ్రు, అయ్యగారిని తెచ్చిండ్రు. ఆ ఒక్కమాట తేలేదు."

ఆమె వంగి, ‘జరిగిన’ అనే మాటను అరచేత్తో తుడిచేసింది. సుద్దముక్క అందుకుని వెంకటరామారావు ముందు చాపింది.

"‘చేసిన’ అని రాయండి. దానికి ముందు పేరు రాయండి."

అనిల్‌కుమార్ విసురుగా వచ్చి ఆమె చేతిలోని సుద్దముక్కను లాక్కోబోయాడు. "చాలు! ఎక్కువైంది. పందుల కోసం పెట్టుకున్న తీగ అది. మా చేను, మా పంట. చీకట్లో వాణ్ని చేలోకి ఎవడు రమ్మన్నాడు?"

మాట నోట్లోంచి వచ్చాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు.

షామియానా అంచున ఒక్కసారిగా గుసగుస లేచింది. తాటిచెట్టు కథ ఏడాదిగా ఊరంతా నమ్మింది. కొందరు నమ్మినట్టు నటించారు. ఇప్పుడు ఆ ఇంటి కొడుకే దాన్ని నడివాకిట్లో విరగ్గొట్టాడు. ముసలివాళ్లు లేచి నిలబడ్డారు. ఒక ఆడమనిషి కోయమాటలో గట్టిగా ఏదో తిట్టింది.

"ఇప్పపువ్వు ఏరుకోనీకి పోయిండు" అంది వనజ. పళ్ల మధ్య నుంచి వచ్చాయి మాటలు. "మీ చేను గట్టు అవతల ఇప్పచెట్లు మా తాతల కాలంవి. ఆ చెట్ల కాడికి పోయే తొవ్వ మీ చేనుకన్న ముందుది."

"అనిల్, లోపలికెళ్లు" అన్నాడు వెంకటరామారావు.

"నాన్నా..."

"వెళ్లమన్నానా!"

అనిల్‌కుమార్ వెళ్లలేదు. అరుగు స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాడు. వెంకటరామారావు లేచాడు. కొంగుముడి అడ్డం పడింది. భార్య కూడా లేవబోతే వద్దన్నట్టు చెయ్యి చూపి, పైపంచె భుజం మీంచి తీసి పీట మీద వదిలేసి వచ్చాడు. వనజ చేతిలోంచి సుద్దముక్క అందుకున్నాడు. పలక ముందు ఎంతోసేపు వంగి ఉన్నాడు. తర్వాత తుడిచిన చోట, ఇరుకులో, వంకరటింకర అక్షరాలతో రాశాడు.

‘నేను చేసిన.’

"తీగ మాదే" అన్నాడు గూడెం వైపు తిరిగి. "కట్టించింది నేను. తెల్లారుజామున అరుపు వినబడి వెళ్లాం. చూసేసరికి ప్రాణం పోయింది. కేసైతే నా కొడుకు జైలుకెళ్తాడని భయపడ్డాను. చెట్టుకింద పెట్టించాను. అవును, నేనే. మీ అందరి ముందూ చెబుతున్నాను."

ఆ మనిషి నోట ఆ మాట వస్తుందని గూడెంలో ఎవరూ అనుకోలేదు. ఒకరిద్దరు ముసలివాళ్లు నిట్టూర్చారు. వనజకు ఈ కొద్దిరోజులూ బిగబట్టిన కోపం ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గెలిచినట్టూ లేదు. తమ్ముడు తిరిగి రాలేదు. ఎదురుగా ఒక ముసలివాడు సుద్ద అంటిన వేళ్లతో నిలబడ్డాడు. ఒక్క క్షణం అతని మీద జాలి కూడా కలిగింది. ఆ జాలి తనలో ఎందుకు పుట్టిందని మళ్లీ ఒళ్లు మండింది.

"రేపు ఈ మాట పోలీసుల ముందు గూడ చెప్పాలె సార్" అంది.

"చెబుతాను" అన్నాడాయన.

భీమక్క జనంలోంచి లేచి నెమ్మదిగా నడిచి వచ్చింది. పలక వైపు చూడలేదు. ఆమెకు చదువు రాదు. కూతురు చెప్పిన మాటల్లో సగం ఆమెకు పట్టలేదు కూడా. వెంకటరామారావుకు బాగా దగ్గరగా వచ్చి, తలెత్తి ఆయన కళ్లలోకి చూసింది.

"అయ్యా, నేను ఆవు కోసం రాలే. రాయి కోసం రాలే. ఒక్కటి అడుగుత. మీరు పోయేసరికి వాడు ఆఖరుకు ఏమన్నడు?"

వెంకటరామారావు రెప్పలు వాలిపోయాయి. "ఏమీ అనలేదమ్మా. చెప్పాను కదా. అప్పటికే పోయాడు."

"ఏమనలే?"

"లేదు."

"ఒక్కమాటన్న?"

"లేదమ్మా. నా మాట నమ్ము."

భీమక్క తల ఊపింది. ఏడాదిగా ఆ ఒక్క ప్రశ్న కోసం దాచుకున్న ఓపిక ఆమె భుజాల్లోంచి జారిపోయింది. వెనక్కి తిరగబోయింది.

"అబద్ధం."

అన్నది నిర్మలాదేవి. పీట మీద కూర్చునే, పక్కపీట మీద పడి ఉన్న భర్త పైపంచె నుంచి తన కొంగు ముడి విప్పుతోంది. ముడి గట్టిగా పడింది. గోళ్లతో లాగి విప్పి, పైపంచె పక్కన పెట్టి లేచింది. ఆ ఇంట్లో ఇన్నేళ్లలో ఆమె గొంతు బయటివాళ్ల ముందు పైకి లేవడం ఎవరూ ఎరగరు.

"నిర్మలా, కూర్చో" అన్నాడు వెంకటరామారావు.

"కూర్చోను. మీకు తోడుగా పీట మీద కూర్చోమన్నారు, కూర్చున్నాను. మంత్రం చెప్పమన్నారు, చెప్పాను. ఆ తల్లి ముందు కూడా అబద్ధమేనా? ఇంకెవరికోసమండీ?" భర్తను దాటి వచ్చి భీమక్క ముందు నిలబడింది. నిప్పు సెగకో, ఏడుపుకో ముఖమంతా ఎర్రగా కందిపోయి ఉంది. "బతికే ఉన్నాడమ్మా. కరెంటు తీసేశాక కళ్లు తెరిచాడు. నేను గట్టు మీదే ఉన్నాను. వాడి తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ‘అమ్మను పిలవండి’ అన్నాడు. రెండుసార్లన్నాడు. నన్ను చూసి అన్నాడు."

భీమక్క ఆమె ఒడి వైపు చూసింది.

వనజ ముందుకు దూకింది. "బతికుంటే దవాఖానకు ఎందుకు తీస్కపోలే? మణుగూరు ఎంత దూరం? మీ ఇంట్ల కారుంది. ఎందుకు తీస్కపోలే?" ఆమె అరుపుకు ఆవు బెదిరి పక్కకు జరిగింది. "మనుషులేనా మీరు? పానం ఉన్నోన్ని తీస్కపోయి చెట్టుకింద పడేసిండ్రా?"

"తీసుకెళ్దామనే అనుకున్నాం!" అని అరిచాడు అనిల్‌కుమార్ స్తంభం దగ్గర నుంచి. అతని ముఖంలో పొగరంతా పోయింది. "నేను తాళాలు తెచ్చాను. కారు గట్టుదాకా తెచ్చాను. అమ్మను అడుగు."

"తెచ్చాడు" అంది నిర్మలాదేవి. "ఆయన వెనక తలుపు కూడా తీశారు. ఎత్తబోతున్నాం. మేం పాపం చేసినవాళ్లమే, కాదనను. మా తీగే చంపింది. మేం ఆగిపోయాం, అదీ మా పాపమే. కానీ ఎత్తొద్దన్నది మేం కాదు. ‘ఇక బతకడు, ఆసుపత్రికి తీసుకెళ్తే మీరు మునుగుతారు, నేను చూసుకుంటాను’ అని చెప్పిన మనిషి వేరే ఉన్నాడు."

"నిర్మలా!" వెంకటరామారావు భార్య భుజం పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది.

"ఎవలు?" అంది వనజ.

నిర్మలాదేవి చెయ్యెత్తింది. ఆ చెయ్యి భర్త వైపు చూపలేదు. కొడుకు వైపు చూపలేదు. జనం మీదుగా సాగి, గేటు దగ్గర ఆగింది. ఒకరి తర్వాత ఒకరు గూడెం జనం తలలు తిప్పారు.

ఆవు తాడు చేతిలో పట్టుకుని సీతయ్య నిలబడి ఉన్నాడు.

భీమక్క అటు నడిచింది. జనం జరిగి దారి ఇచ్చారు. అన్న ముందు ఆగి, చూపు తిప్పుకోకుండా అడిగింది.

"నువ్వు ఆడున్నవా అన్నా?"

సీతయ్య తాడు వదిలేశాడు. పారిపోతాడేమోనని ఇద్దరు మగవాళ్లు గేటుకు అడ్డం వచ్చారు. ఆయన కదల్లేదు. చెల్లెలి ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఉన్న" అన్నాడు. "నీ బిడ్డ విన్నది, గూడెమంతా విన్నది. ఇగ దాచేదేం లేదు. ఎందుకున్ననో గూడ అడుగు చెల్లె. ఆ పొద్దు నీ కొడుకు ఇప్పపువ్వు కోసం పోలేదు. గూడెంల నీళ్లు లేక, ఆళ్ల బోరు కాడికి చీకట్ల నేనే తోలుకపోయిన."